మీ మాంత్రికుడి గతం చెప్పకండి, అతని అప్పు రాయండి

అనంతపురం మిత్రుడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన రెండేళ్లపాటు ఒక జానపద ఫాంటసీ సీరియల్ రాశారు. కథానాయకుడు యువరాజు. పాఠకులు మాత్రం నాలుగైదు భాగాల్లో కనిపించి చివర్లో చనిపోయే కంకాళుడు అనే మాంత్రికుడి మీద ప్రేమ పెంచుకున్నారు. ఈ కంకాళుడు గురువు దగ్గర కూర్చుని విద్య నేర్చినవాడు కాదు. పాతాళంలోని ఒక శక్తితో ఒప్పందం చేసుకుని బలం తెచ్చుకున్నవాడు. ఇంగ్లీషు ఫాంటసీల్లో వార్‌లాక్ అంటారే, ఆ రకం. ఇప్పుడు అతని మీద ఆరేడు చిన్న కథలు రాయాలని ఆయన కోరిక. "బాల్యం నుంచి మొదలుపెట్టాలా? అన్నీ చెప్పేస్తే అతని మర్మం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నారు.

మీ టెన్షన్ సరైనదే. బాల్యం నుంచి మొదలుపెట్టకండి. అతను ఎలా అలా అయ్యాడో చెప్పే కథ ఒక్కటీ వద్దు. అతను ఎవరికి ఏం బాకీ ఉన్నాడో, ఆ బాకీలో ఈ రోజు ఎంత కట్టాడో చెప్పే కథలు రాయండి. కథకు ఒక్క కంతు, అంటే ఒక్క వాయిదా చెల్లింపు, చాలు.

ఈ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. నేను ప్రొద్దుటూరులో దస్తావేజులు రాస్తాను. పగలంతా అమ్మకాలు, తనఖాలు, భాగపరిష్కారాలు. రాత్రి అన్నం తిన్నాక ఫాంటసీ కథలు. నా సీరియల్‌లో కూడా ఓబన్న అని ఒక మాంత్రికుడు ఉండేవాడు. అతన్ని కూడా నాయకుడికి దారి చూపించి పోయేవాడిగానే పుట్టించాను, తర్వాత అతని మీద ఆరు కథలు రాశాను. వాటిలో మొదటిది చెడిపోయింది. ఎందుకు చెడిపోయిందో అర్థమైంది మాత్రం నా పగటి పని వల్లే.

ప్రామిసరీ నోటు చూసే ఉంటారు. ముందువైపు పెద్దగా ఏమీ ఉండదు. ఎవరు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు, వడ్డీ ఎంత, తేదీ, రెవిన్యూ స్టాంపు మీదుగా సంతకం. పది లైన్లలో అయిపోతుంది. అసలు సంగతి నోటు వెనక ఉంటుంది. మధ్యలో కొంత డబ్బు కట్టినప్పుడల్లా వెనక చెల్లు రాస్తారు, ఫలానా తేదీన ఇంత ముట్టింది అని. నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దాని మీద దావా నిలవదు. ఆలోపు కొంత కట్టి, చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే కొన్ని పాత నోట్ల వెనక నాలుగైదు చెల్లులు వరుసగా కనిపిస్తాయి. వేరుశనగ అమ్మిన నెలలో కాస్త పెద్ద మొత్తం. బోరు ఎండిపోయిన ఏడాది చిన్న మొత్తం, అదీ వణికే సంతకంతో. ఒక్కోసారి తండ్రి సంతకం ఆగిపోయి, కింద కొడుకు సంతకం మొదలవుతుంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ నాకు చెప్పరు. ఆ నాలుగు తేదీలు చూస్తే గుండె బరువెక్కుతుంది.

మీ సీరియల్ ఆ నోటుకు ముందువైపు. కంకాళుడు ఒప్పందం చేసుకున్నాడని, చివరికి దానివల్లే పోయాడని పాఠకుడికి తెలుసు. మీరు రాయబోయే చిన్న కథలు వెనకవైపు చెల్లులు.

మన మాంత్రికుడికీ వార్‌లాక్‌కీ తేడా ఎక్కడుందో ముందు తేల్చుకోండి. మనం చిన్నప్పటి నుంచి విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలుకలో ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుది కూడా అంతే. చిలుక దొరికితే కథ అయిపోతుంది. అక్కడ ప్రాణం దాచిపెట్టిన సొత్తు. దాని సొంతదారు మాంత్రికుడే. వార్‌లాక్ ప్రాణం అలా కాదు, తనఖాలో ఉంది. అతను దాన్ని వాడుకుంటున్నాడు, తిరుగుతున్నాడు, తింటున్నాడు, కానీ కాగితం ఇంకొకరి పెట్టెలో ఉంది. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన పాత పదానికి ఒట్టు తప్పినవాడు, మాట తప్పినవాడు అని అర్థం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కూడా వార్‌లాక్ బలం ఒక పోషకశక్తితో చేసుకున్న ఒప్పందం నుంచే వస్తుంది. అంటే మొదటి నుంచీ ఈ పాత్ర ఇరుసు మాట, మాటకు కట్టుబడటం, కట్టుబడలేకపోవడం. మీరు కంకాళుడికి చిలుకను ఇస్తే అతను మామూలు దుష్టమాంత్రికుడు అవుతాడు. అప్పు ఇస్తే మనలో ఒకడు అవుతాడు. మన జిల్లాల్లో అప్పు తెలియని ఇల్లు ఎక్కడుంది?

ఇప్పుడు నా చెడిపోయిన కథ సంగతి. ఓబన్న బాల్యం పేరుతో పన్నెండు పేజీలు రాశాను. కరువులో తల్లి చనిపోవడం, ఊరి పెద్ద అవమానించడం, పిల్లవాడు కసితో గుహలోకి దిగడం. రాస్తుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి. పాఠకులు కూడా పాపం ఓబన్న అన్నారు. బాగా వచ్చిందనే అనుకున్నాను. నెల తర్వాత ఇంకో కథలో ఓబన్న తన అలవాటు ప్రకారం అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వి వెళ్లిపోయాడు. దానికి ఒక పాఠకురాలు రాసింది, ఇంతకుముందు ఆయన నవ్వితే ఒళ్లు జలదరించేది, ఇప్పుడు వాళ్లమ్మ గుర్తొచ్చి జాలి వేస్తోంది అని. ఆమె మెచ్చుకుంటూనే రాసింది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఒక్క కథతో అతని ప్రతి నవ్వుకూ ఒకే కారణం అంటగట్టేశాను. ఆ తర్వాత అతను ఏం చేసినా పాఠకుడు ఆ గుహ దగ్గరికే వెనక్కి పోతాడు. ఆ కథను తీసేశాను కానీ, చదివినవాళ్ల మనసులోంచి తీయలేం కదా.

అందుకని రెండోసారి కథ రాయకుండా ముందు కాగితం రాశాను. నిజంగానే, దస్తావేజు రాసినట్టు. మీరూ కథ మొదలుపెట్టకముందే ఇది చేయండి, ఒక్క పేజీ చాలు. ఇచ్చినవారు ఎవరు, పుచ్చుకున్నవారు ఎవరు, ఇచ్చిందేమిటి, ప్రతిఫలం ఏమిటి, గడువు ఎంత, తప్పితే ఏం జప్తు అవుతుంది, సాక్షులు ఎవరు. పొలానికి నాలుగు దిక్కులా చెక్కుబందీ రాస్తాం కదా, అలాగే ఆ శక్తికి హద్దులు కూడా రాయండి. ఏ నీళ్లు దాటితే పని చేయదు, ఎవరి మీద ప్రయోగించకూడదు, ఏ వేళలో మూగబోతుంది. ఈ కాగితం పాఠకుడికి ఎప్పుడూ చూపించకండి. అది మీ దగ్గర ఉండాలి. కాగితం మీ దగ్గర ఉంటే మీ మాటల్లో తడబాటు ఉండదు, ఆ నిబ్బరమే పాఠకుడికి మర్మంలా అనిపిస్తుంది. అన్నీ దాచిపెట్టడాన్ని మర్మం అనుకుంటాం. రాసేవాడికే తెలియకుండా దాచిన సంగతిని పాఠకుడు మూడో కథకల్లా పసిగట్టేస్తాడు.

ఓబన్న కాగితంలో ఇలా ఉంది. ఇచ్చినది గుహ అడుగున నీళ్లలో ఉండే అడుగుదొర. పుచ్చుకున్నది ఓబన్న. ఇచ్చింది, నేల లోపల ఏముందో చూడగలిగే చూపు. ప్రతిఫలం, ఆ చూపు వాడిన ప్రతిసారీ అతనికి తెలిసిన ఒక మనిషి ముఖం అతని జ్ఞాపకంలోంచి చెరిగిపోతుంది. ఎవరి ముఖమో ఎంచుకునే హక్కు అతనికి లేదు. గడువు, ముఖాలు అయిపోయేవరకు.

దీని మీద రాసిన మొదటి కథ ఇది. ఒక ఊళ్లో ఏడు బావులు తవ్వినా నీళ్లు పడలేదు. ఓబన్నను పిలుస్తారు. అతను రానంటాడు. రెండు రోజుల తర్వాత తనే వచ్చి, చింతచెట్టు కింద కాలితో గీత గీసి, ఇక్కడ తవ్వండప్పా అని వెళ్లిపోతాడు. నీళ్లు పడతాయి. ఊరంతా సంబరం. కథ అక్కడ ఆగిపోదు, అతని వెంట నడుస్తుంది. సాయంత్రానికి అతను ఒక ఇంటి ముందు ఆగి, అరుగు మీద కూర్చున్న ఆడమనిషితో, ఈ పూటకు ఇంత సంగటి పెడతావా తల్లీ అంటాడు. ఆమె అతని వైపు చాలాసేపు చూస్తుంది. లోపలికి పోయి సంగటి ముద్ద, ఊరుబిండి, పక్కన కుండ అడుగున గీరి తీసిన మాడు పెట్టుకొస్తుంది. మాడు అంటే నాకు ఇష్టమని నీకెట్ల తెలుసు అని అడుగుతాడు. చాలామందికి ఇష్టమేలే, తిను అంటుంది.

ఆమె అతని అక్క. ఆ మాట కథలో ఎక్కడా లేదు. మొదటి ప్రతిలో రాశాను, "తన సొంత అక్కనే గుర్తుపట్టలేకపోయాడు" అని. మూడుసార్లు తిరగరాసి చివరికి ఆ వాక్యం కొట్టేశాను. సీరియల్ చదివినవాళ్లకు ఓబన్నకు మాడు పెట్టేది అక్కేనని తెలుసు, ఒక భాగంలో ఒక్క ముక్కలో వస్తుంది. చదవనివాళ్లకు కూడా ఏదో తెగిపోయిందని తెలుస్తుంది. ఈ కథకు వచ్చినన్ని ఉత్తరాలు మొత్తం సీరియల్‌కు రాలేదు. బాల్యం గురించి ఒక్క మాట లేకుండా అతని జీవితం మొత్తం ఆ కంచంలో ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఆ కథ ఓబన్న మనసులోకి ఒక్కసారి కూడా పోదు. మాంత్రికుడి కథను మాంత్రికుడి నోటితో చెప్పించకండి. అతనికి దగ్గరగా మసిలే మనిషిని పట్టుకోండి. బట్టలు ఉతికే మనిషి, దీపానికి నూనె అమ్మే ముసలమ్మ, సంచి మోసే కుర్రాడు. బట్టలు ఉతికేవాడికి ఏ చొక్కా మీద ఏ మరక ఉందో తెలుసు, అది ఎలా అయిందో తెలియదు. కథకు కావలసింది సరిగ్గా అంత తెలియడమే.

కంతులన్నీ ఒకేలా ఉంటే నాలుగో కథకు పాఠకుడు ముందే లెక్క వేసేస్తాడు. మంత్రం వేశాడు, ఏదో పోగొట్టుకున్నాడు, అంతేలే అనుకుంటాడు. అప్పు లోకంలో ఎన్ని రకాల మెలికలున్నాయో నేను రోజూ చూస్తాను కాబట్టి కొన్ని చెప్తాను, కంకాళుడికి నప్పినవి తీసుకోండి. జామీను కథ ఒకటి రాయొచ్చు. కంకాళుడు కట్టలేని రోజు అతని కోసం ఎవరో పూచీ పడతారు, అతనికి చెప్పకుండా. అది తెలిసినప్పుడు అతనికి వచ్చే కోపం మీద కథ నిలబడుతుంది. చెల్లు పడని కంతు ఇంకొకటి. అతను కట్టాడు, కానీ పాతాళశక్తి ముట్టలేదంటోంది, సాక్షి లేడు. పల్లెల్లో ఇలాంటి తగాదాలు ఎన్నిటికో నేను కాగితాలు తిరగేశాను, మనిషి నిజం చెప్తూ కూడా ఓడిపోయే చోటు అది. అసలు శక్తిని వాడకుండా కూర్చున్న రోజు మీద కూడా ఒక కథ ఉండాలి. పక్కింటి బిడ్డకు జ్వరం, అతను చేయగలడు, చేయడు. ఎందుకు చేయడో చెప్పకండి. పొద్దున బిడ్డ లేచి ఆడుకుంటుంటే అతను ఆ వీధిలో నడవలేక వేరే దారిన పోవడం చూపించండి. నేను రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇలాంటిదే.

మహిమకు షరతు ఎంత అందాన్నిస్తుందో తెలియాలంటే యాగంటికి పోయి రండి. అగస్త్యుడు తపస్సు చేసుకుంటుంటే కాకులు అడ్డుపడ్డాయట, అక్కడికి కాకి రాకూడదని శపించాడట. కాకి శని వాహనం కాబట్టి శని కూడా ఆ చోటికి రాలేడంటారు. ఒక చిన్న కోపం, దాని వెంట ఎవరూ అనుకోని ఇంకో ఫలితం. ఒప్పందంలో మీరు రాసే ప్రతి షరతుకూ ఇలా రెండో అంచు ఒకటి ఉందా అని వెతకండి. కథ అక్కడ దొరుకుతుంది.

భాష గురించి. మీ సీరియల్‌లో యువరాజు, మంత్రి, రాణి అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడతారని రాశారు. కంకాళుడు కూడా అలాగే మాట్లాడితే వెంటనే మార్చండి. మీ జిల్లాలోనే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది అనుకోండి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట చూసి ఉంటే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెలుసు. రామాయణం ఆడుతున్నా భారతం ఆడుతున్నా వాళ్లు మధ్యలో దూరతారు. రాముడు పద్యం పాడతాడు, పోలిగాడు ఊళ్లో జనం మాట్లాడే మాటే మాట్లాడతాడు. జనం నిద్రలోకి జారుతున్నప్పుడు వచ్చి, ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించేలోపే వెళ్లిపోతారు. పక్కపాత్రను జనం ఎందుకు ప్రేమిస్తారో చూడాలంటే ఆ ఆట చూడండి. ఓబన్న సభలో రాజుతో కూడా "యాడికి పోతాండావు రాజా" అనే అంటాడు. దానికి ఎవరూ నవ్వరు. ఆ మాటకు సభ భయపడుతుంది, ఎందుకంటే అతను ఎవరి కోసమూ భాష మార్చుకోడు.

పాతాళం విషయంలో కూడా దూరం పోవద్దు. అడుగుదొర ఉండే చోటు కోసం నేను బెలుం గుహలకు మూడుసార్లు వెళ్లాను. కొలిమిగుండ్ల దగ్గర, ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. గుహలు 3,229 మీటర్ల పొడవు. అన్నిటికంటే లోతైన చోటును పాతాళగంగ అంటారు. బయట ఎర్రటి ఎండ, చదునైన నేల, అక్కడ ఒక గుంటలోకి మెట్లు దిగితే చాలు, కాసేపటికి ఉక్కపోతతో చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. పాతాళం అంటే చల్లగా ఉంటుందని అప్పటిదాకా రాసేవాణ్ణి. ఆ ఉక్కపోతే నా అడుగుదొర ఊపిరి అయింది. కథలో బెలుం పేరు ఎక్కడా వాడలేదు. చూసినవాళ్లు మాత్రం గుర్తుపట్టారు. వజ్రకరూరు మీకు దగ్గరే కదా. తొలకరి పడగానే జనం పొలాల్లో వంగి వజ్రాల కోసం నేల వెతికే ఊరు. నేల లోపలి శక్తికి బాకీపడ్డ మాంత్రికుడు ఆ వేళ ఆ పొలం గట్టున నిలబడితే ఏం చూస్తాడో ఒకసారి ఊహించండి. ఆ కథ నేను రాయలేదు, మీరు రాయండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. చేతబడి చేశారన్న అనుమానంతో మన తెలుగు పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా. ఎక్కువగా దెబ్బ తినేది ఒంటరి ముసలివాళ్లు, పేదవాళ్లు. కాబట్టి కంకాళుడికి ఏ నిజమైన కులాన్నీ, తెగనూ, మతాన్నీ అంటగట్టకండి. నిజంగా జనం నమ్మే చేతబడి పద్ధతులను, నిమ్మకాయలూ బొమ్మలూ వెంట్రుకలూ, కథలో వాడకండి. మీ లోకానికి మీ సొంత ఆచారాలు కల్పించుకోండి. నేను ఓబన్నకు ఒక్క మంత్రం కూడా ఇవ్వలేదు, ఊరికే కళ్లు మూసుకుని నేల మీద చెయ్యి పెడతాడు.

ఇది మీ సొంత పాత్ర కాబట్టి హక్కుల సమస్య లేదు. ఇంకొకరి పాత్ర మీద ఇలా రాయాలనుకునేవాళ్లు ముందు అనుమతి అడగండి. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఆ హక్కు వారసులకు ఉంటుంది.

ఎన్ని కథలు అన్నారు. ఆరు రాయండి, ఒక్కోటి వెయ్యి, పన్నెండు వందల పదాలు మించకుండా. వరుసక్రమంలో రాయనక్కర్లేదు, కానీ మీ కాగితం వెనక ప్రతి కథకూ ఒక చెల్లు వేసుకోండి, అతని దగ్గర ఇంకా ఏం మిగిలిందో మీకు తెలియాలి. కంకాళుడు చివరికి చనిపోతాడని పాఠకులకు ముందే తెలుసు, అదేం నష్టం కాదు. వాళ్లు ప్రతి కథలో మిగిలిన బాకీని తమలో తాము లెక్కపెట్టుకుంటారు.

చివరి కంతు కథను మాత్రం నేను రాయలేదు. ఓబన్నకు మిగిలిన ఆఖరి ముఖం ఎవరిదో నా కాగితంలో రాసి ఉంది. ఆరో కథలో అతను నీళ్లున్న పళ్లెం ముందు కూర్చుని, అందులో తన నీడ వైపు చూడకుండా చెయ్యి కడుక్కుంటాడు. అక్కడ ఆపాను. ఏడోది ఎప్పుడు అని ఇప్పటికీ అడుగుతున్నారు.